980 రాని పిల్లకి మార్కులు వెయ్యి

సీతమ్మధార,
విశాఖపట్నం

చిరంజీవి చిట్టికి,

మీ పెదనాన్న మోకాలి నొప్పి మబ్బు పట్టిన రోజు పెరుగుతోంది, ఎండ కాసిన రోజు తగ్గుతోంది, మాత్ర వేసుకోమంటే మాత్రం ఎప్పుడూ రేపే అంటున్నారు. నువ్వు వేళకి తింటున్నావో లేదో అన్నదే మా ఇద్దరి బెంగ.

ఆదివారం ఫోన్లో నువ్వు చెప్పిందంతా విన్నాను. నాకు ఫోన్లో సావకాశంగా మాట్లాడటం రాదని నీకు తెలుసు కదా, ఊ కొట్టి పెట్టేశాను, పెట్టేశాక నిద్ర పట్టేదాకా మనసులో నీతోనే మాట్లాడుతూ పడుకున్నాను. ఉద్యోగంలో చేరి ఏడాది తిరక్కుండానే, మీ కాలేజీలో ఫిజిక్సు వాళ్లూ లెక్కల వాళ్లూ మెకానికల్ వాళ్లూ ఒక్కచోట కూర్చుని కొలతల్లో ఉండే అనిశ్చితిని మొదటి ఏడాది నుంచే పిల్లలకి ఒక వరసలో నేర్పాలని అనుకున్నారనీ, ఆ వరస రాసే పని నీ చేతిలో పెట్టారనీ చెప్పగానే మీ పెదనాన్న లేచి వెళ్లి పాత ట్రంకు పెట్టెలోంచి తన మైక్రోమీటరు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. నీకు ఇస్తారట. నాకు ఎవరూ ఇవ్వలేదు ఇలాంటి పని ఆ వయసులో, ఇచ్చినా చేసేదాన్ని కాదేమో. సంతోషం సంతోషమే గానీ, రాత్రిళ్లు కూర్చుని కళ్లు పాడుచేసుకుంటావేమోనని భయం కూడా లేకపోలేదు.

సరే, నేను ఇన్నేళ్లు ల్యాబులో నిలబడి చూసినవి నాలుగు మాటలు రాస్తాను. పనికొస్తే వాడుకో.

మా ల్యాబులో మొదటి ప్రయోగం లోలకం. కిటికీ పక్క బల్లకి గుండు వేలాడదీసి, మీటరు దారం కొలిచి, స్టాప్‌వాచ్ పట్టుకుని ఇరవై డోలనాలు లెక్కపెట్టించేవాళ్లం. ఏటేటా నేను చూసే తమాషా ఏమిటంటే, తరగతిలో సగం మందికి పైగా గురుత్వ త్వరణం సెంటీమీటర్ల లెక్కన సరిగ్గా 980 వచ్చేది. ఆ పిల్లలకి దారం ఒక్కలా ఉండదు, చేతులు ఒక్కలా ఉండవు, బయట బస్సు హారన్ కొడితే లెక్క తప్పేది కూడాను, అయినా చివర 980 తప్పేది కాదు. సీనియర్ల రికార్డు ముందు పెట్టుకుని కింది నుంచి పైకి లెక్క కట్టేవాళ్లు పాపం. వాళ్లని నేనెప్పుడూ కోప్పడలేదు, ఎందుకంటే 980 రాకపోతే మార్కులు పోతాయని పక్క తరగతిలో ఎవరో చెప్పి ఉంటారు, లేదా ఇంట్లో అన్నయ్య చెప్పి ఉంటాడు. అంత చిన్నప్పుడే బతకనేర్చిన ఆ భయం చూస్తే జాలేసేది.

ఒక ఏడాది పెదజాలరిపేట నుంచి ఒక పిల్ల వచ్చేది. వాళ్ల నాన్న వేటకి వెళ్లే మనిషి, ఆ పిల్ల తెల్లారగట్ల అమ్మతో హార్బరుకి వెళ్లి చేపల తట్ట దించి, స్నానం చేసి, జడ తడిగానే కాలేజీకి పరిగెత్తుకొచ్చేది. దానికి 971 వచ్చింది. రికార్డు చేత్తో పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి, "మేడమ్, నాకు సరిగ్గా రాలేదండి, మళ్లీ చేసెయ్యమంటారా, సరిచేసి రాసెయ్యమంటారా" అంది. లోపలికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఇద్దరం కలిసి లెక్క చూశాం. ఇరవై డోలనాలకి సుమారు 40 సెకన్లు. బొటనవేలు గడియారం నొక్కడంలో ముందూ వెనకా 0.2 సెకను అనుకుందాం, అంటే కాలంలో అర శాతం. సూత్రంలో కాలం వర్గంలో ఉంది కాబట్టి అది రెట్టింపయి ఒక శాతం, అంటే జవాబులో అటూ ఇటూ సుమారు 10. దారం పొడవులో ఒక మిల్లీమీటరు తేడా వచ్చినా అది శాతంలో పదోవంతు. ఈ రెంటినీ వర్గం చేసి కూడి మూలం తీస్తే మళ్లీ ఒక శాతమే మిగిలింది, పొడవు తెచ్చిన తేడా లెక్కలోకి కూడా రాలేదు. "అయితే స్కేలు మంచిది తెచ్చుకున్నా లాభం లేదన్నమాట, ఎక్కువ డోలనాలు లెక్కపెట్టాలి" అని ఆ పిల్ల తనంతట తానే అంది. యాభై లెక్కపెడితే ఆ 10 కాస్తా 4 అవుతుందని కూడా తనే వేసి చూపించింది. నేను చెప్పాల్సింది ఇంకేం మిగల్లేదు.

అప్పుడు ఆ పిల్లకి ఇంకో మాట చెప్పాను, నువ్వూ మీ పిల్లలకి తప్పక చెప్పు. అందరూ దిద్దుకుని రాసే ఆ 980 మన ఊరిది కాదు. భూమి మధ్యలో ఉబ్బి ఉంటుంది, తన చుట్టూ తాను తిరుగుతుంది, అందుకని భూమధ్యరేఖ దగ్గర ఆ విలువ సుమారు 978, ధ్రువాల దగ్గర 983. పుస్తకాల్లో ఉండే 980.665 అన్నది 1901లో దేశాలు కూర్చుని ఒప్పుకున్న ప్రామాణిక సంఖ్య. విశాఖ 17.7 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, ఇక్కడ సముద్రమట్టం దగ్గర సుమారు 978.5 రావాలి. 971కి అటూ ఇటూ 10 అని రాసిన జాలరిపేట పిల్ల జవాబులో మన ఊరి విలువ హాయిగా ఇమిడింది. 980.0 అని గట్టిగా రాసి ఊరుకున్న వాళ్ల జవాబులో ఇమడలేదు. ఆ పిల్లకి పదికి పది వేశాను. ఆ రికార్డు అది పెళ్లయ్యాక కూడా దాచుకుందని తర్వాతెప్పుడో పూర్ణా మార్కెట్లో కనిపించి చెప్పింది, చంకలో పిల్లాడు, చేతిలో సంచీ, అయినా ఆగి చెప్పింది.

తెలిసినంత వరకే చెప్పే ఆ బుద్ధి నీకు ఒకరు నేర్పక్కర్లేదులే. నీకు ఏడో ఎనిమిదో ఏడు ఉన్నప్పుడు కింది వాటాలో మామ్మగారికి జ్వరం వస్తే థర్మామీటరు నీ చేతికిచ్చి చూడమన్నారు, ఆవిడకి కళ్లు కనపడవు. నువ్వు కిటికీ దగ్గరికి తీసుకెళ్లి తిప్పి తిప్పి చూసి, "మామ్మగారూ, 99 దాటింది, 100 దాకా వెళ్లలేదు, మధ్య గీత నాకు సరిగ్గా తెలియట్లేదు, మా పెద్దమ్మని పిలుస్తానుండండి" అన్నావు. నోటికొచ్చిన అంకె చెప్పేసి ఆటకి పోవచ్చు, బయట పిల్లలు పిలుస్తున్నారు కూడా. ఆ సాయంత్రం నిన్ను చూసి మీ అమ్మతో అన్నాను, ఇది ఎక్కడున్నా నలుగురూ నమ్మే మనిషి అవుతుందని. మీ అమ్మ నవ్వి ఊరుకుంది, దానికి నీ గురించి గొప్పగా అంటే దిష్టి తగులుతుందని భయం.

మీ మామయ్య పోర్టులో డ్రాఫ్ట్ సర్వేలకి వెళ్లే రోజుల్లో భోజనం చేస్తూ చెప్పిన కబుర్లు నీకు గుర్తుండవు, నువ్వు పాకుతున్నావు. 1933లో తెరిచిన ఆ పోర్టు నుంచి బైలదిల్లా ఇనుపరాయి జపాను వెళ్లేది, బయటి దేశాల నుంచి బొగ్గు దిగేది. డెబ్భై వేల టన్నుల రాయిని ఏ తక్కెడలో తూస్తారు? ఓడనే తక్కెడ చేస్తారు. ముందు, మధ్య, వెనక, రెండు పక్కలా కలిపి ఆరు చోట్ల ఓడ ఒంటి మీద రాసిన అంకెల దగ్గర నీరు ఎక్కడిదాకా వచ్చిందో చదువుతారు, సరుకు ఎక్కక ముందు ఒకసారి, ఎక్కాక ఒకసారి. అంకె ఎత్తు 10 సెంటీమీటర్లు, నీరు మాత్రం ఊగుతూనే ఉంటుంది, పడవలో కూర్చుని పైకెళ్లిన మట్టాన్నీ కిందకెళ్లిన మట్టాన్నీ కాసేపు చూసి సగటు తీయాలి. అంత పెద్ద ఓడ ఒక్క సెంటీమీటరు దిగితే 65, 70 టన్నుల సరుకు అన్నమాట. పైగా నీటి సాంద్రత. సముద్రంలో 1.025 ఉండేది, వానాకాలం మేఘాద్రిగెడ్డ నీరు హార్బరులోకి దిగితే తగ్గుతుంది, అందుకని బకెట్టు దించి నీళ్లు తోడి హైడ్రోమీటరు పెట్టి చూసేవాడు. అక్కడ మూడో దశాంశంలో ఒక్క అంకె తప్పితే 80 వేల టన్నుల ఓడకి దాదాపు 80 టన్నులు తేడా పడుతుంది. ఇంకా ఓడలో ఉన్న చమురు, మంచినీళ్లు, అడుగున నింపుకున్న బాలాస్టు నీళ్లు, ఇవన్నీ తీసెయ్యాలి. ఇంత జాగ్రత్తగా చేసినా అర శాతం దాకా తేడా ఉండొచ్చని కొనేవాడికీ తెలుసు, అమ్మేవాడికీ తెలుసు. డెబ్భై వేల మీద అది 350 టన్నులు. అయినా ఇద్దరూ సంతకం పెట్టి చేతులు కలుపుకుని వెళ్లేవారు. నాకు అది విన్నప్పుడల్లా ముచ్చటేసేది. ఎంత తెలియదో ఇద్దరికీ ముందే తెలిసి ఉండటం వల్ల తగువు లేకుండా పోయింది. నీ పిల్లలకి ఈ ఓడ లెక్క ఒక్కటి ఇవ్వు, ఫిజిక్సూ లెక్కలూ ఇంజనీరింగూ మూడూ అందులోనే ఉన్నాయి.

మీ పెదనాన్న ఉక్కు ఫ్యాక్టరీ నుంచి రాత్రి డ్యూటీ చేసి వచ్చి, కాఫీ తాగుతూ నాకు పరీక్ష పెట్టేవారు. కరిగిన ఉక్కు 1600 డిగ్రీల దగ్గర ఉంటుంది కదా, అట్టగొట్టం చివర సన్నటి ప్లాటినం తీగల థర్మోకపుల్ పెట్టి ఆ ఉక్కులో కొన్ని సెకన్లు ముంచుతారు, ముంచిన మొన మళ్లీ పనికిరాదు. ఆ తీగకి మామూలు హద్దు పావు శాతం, అంటే అంత వేడిలో 4 డిగ్రీలు. చల్లారిపోతే ఉక్కు నాజిల్లోనే గడ్డకడుతుంది, మరీ వేడెక్కితే పోత పోసేటప్పుడు పై పొర చీలి బయటికి కారుతుంది. ఆ నాలుగు డిగ్రీలని మనసులో పెట్టుకునే ఎప్పుడు పొయ్యాలో నిర్ణయించాలి. అది చెప్పి, "మాస్టారమ్మా, ఇప్పుడు చెప్పు" అని ఇంకోటి అడిగేవారు. ఎఫ్‌ఈ 500 కడ్డీ సాగే బలం చదరపు మిల్లీమీటరుకి కనీసం 500 న్యూటన్లు ఉండాలి. యంత్రం 503 చూపించింది. ఆ యంత్రం అటూ ఇటూ 6 అని సర్టిఫికెట్టు చెబుతోంది. కడ్డీ పాసా, ఫెయిలా? నేను ఫిజిక్సు దాన్ని కదా, 503కి అటూ ఇటూ 6 అని రాసి చేతులు దులుపుకునేదాన్ని. ఆయన ఒప్పుకునేవారు కాదు. "అలా రాసి పక్కన పెడితే కుదరదు, లారీ గేటు దగ్గర నిలబడి ఉంది, పంపాలా ఆపాలా చెప్పాలి, ఆ కడ్డీ ఎవరింటి శ్లాబులోకి వెళ్తుందో మనకి తెలియదు" అనేవారు. అందుకే హద్దుకి కాస్త ఇవతలే మన గీత గీసుకోవాలని, ఎంత ఇవతల అన్నది కొలతలో మనకెంత తెలియదో దాన్ని బట్టి ఉంటుందని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఫిజిక్సు ల్యాబులో మేము అక్కడిదాకా వెళ్లేవాళ్లమే కాదు.

చూడు, మేము చేసే పని ఇంతే. ఫిజిక్సు గదిలో కొలిచి, ఎంత తేడా ఉందో రాసి, రికార్డు మూసేస్తాం. లెక్కల గదిలో పాక్షిక అవకలనాలు చేయిస్తారు, ప్రామాణిక విచలనం కట్టిస్తారు, ఎందుకో చెప్పడానికి గంట చాలదు. వర్క్‌షాపులో షాఫ్టు ఇంత లావు, రంధ్రం ఇంత, దీనికి హద్దులు ఇవి అని టేబుల్ చూపిస్తారు. పిల్లవాడు మూడు గదుల్లోనూ మార్కులు తెచ్చుకుంటాడు, మూడూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలని మాత్రం వాడికి తోచదు. ఆ జాలరిపేట పిల్ల వేసిన లెక్కే తీసుకో. కాలంలో అర శాతం జవాబులో ఒక శాతం ఎందుకయిందో అవకలనం చెబుతుంది, రెండు తేడాల్ని వర్గాలు చేసి ఎందుకు కూడాలో సంభావ్యత చెబుతుంది, ఆ జవాబుతో ఏం చెయ్యొచ్చో ఏం చెయ్యకూడదో ఇంజనీరు చెబుతాడు. ఒకే రోజు తీసిన రీడింగులు చేతపట్టుకుని పిల్లలు మూడు గదులకీ నడిచి వెళ్లేలా నీ వరస రాయి. కొలతల్లో అనిశ్చితి మీద 1993లో కొన్ని అంతర్జాతీయ సంస్థలు కలిసి వేసిన మార్గదర్శి కూడా పట్టుకో, అందులో నాకు నచ్చిందేమంటే, మళ్లీ మళ్లీ కొలిచి మనం తెలుసుకున్న తేడానీ, సర్టిఫికెట్టు వల్లో పాత అనుభవం వల్లో తెలిసిన తేడానీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి, రెండిటినీ ఒకే కొలమానంలో కూడమంటుంది. కళ్లతో చూసిందీ, పెద్దలు చెప్పిందీ రెండూ లెక్కలోకే వస్తాయన్నమాట.

మీ కాలేజీ పిల్లలకి ఇది ఎక్కడో విదేశాల్లో పుట్టిన చదువనిపిస్తే మన ఊరి కథలు చెప్పు. డాబా గార్డెన్స్‌లో 1840లో గోడే వెంకట జగ్గారావు గారు సొంత డబ్బుతో వేధశాల కట్టుకున్నారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు గారు దాన్ని నడిపి, 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా పోవడం ఇక్కడి నుంచే చూసి సమయాలు రాసుకున్నారు. ఆ రోజు ప్రపంచమంతా దుర్భిణులు పట్టుకుని కూర్చుంది, సూర్యుడెంత దూరమో తేల్చడానికి. అయితే శుక్రుడు సూర్యుడి అంచుని సరిగ్గా ఏ క్షణంలో తాకాడన్న దగ్గరే చిక్కు, పక్కపక్కన నిలబడి చూసిన ఇద్దరు కూడా సెకన్ల తేడాతో చెప్పేవారు. ఆ సెకన్లే సూర్యుడి దూరంలో లక్షల మైళ్ల సందేహమై కూర్చునేవి. ఆ నర్సింగరావు గారి పేరు మోసే మిసెస్ ఏవీఎన్ కాలేజీలోనే సర్ సీవీ రామన్ గారి నాన్నగారు పాఠం చెప్పారు, రామన్ గారు చదివారు, తర్వాత కాలంలో సీఆర్ రావు గారూ చదివారు.

సీఆర్ రావు గారి సంగతి మాత్రం కాస్త నిదానంగా చెప్పు. మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివి కలకత్తా వెళ్లి, ఇంకా పాతికేళ్లు నిండని వయసులో అక్కడ పాఠం చెబుతుంటే, దండేకర్ అనే విద్యార్థి లేచి, మీరు చెప్పిన ఫలితం నమూనా చాలా పెద్దదైతే సరే, చిన్న నమూనాకి కూడా అలాంటిదేమైనా ఉందా అని అడిగాడట. ఆ రాత్రి ఇంటికెళ్లి కూర్చుని, మర్నాడు జవాబుతో వచ్చారని చెబుతారు. 1945లో అచ్చయిన ఆ ఫలితం ఇప్పుడు క్రామర్–రావ్ హద్దు పేరుతో ప్రపంచమంతా పాఠ్యపుస్తకాల్లో ఉంది. చేతిలో ఉన్న సమాచారం నుంచి పక్షపాతం లేకుండా ఎంత తెలివిగా అంచనా కట్టినా, ఆ అంచనాలోని ఊగిసలాట ఒక హద్దు కన్నా కిందికి దిగదని అది చెబుతుంది. ఆ పెద్దాయన 2023లో నూట రెండేళ్ల వయసులో పోయారు, అదే ఏడాది ఆయనకి అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చింది. నాకు ఆయన హద్దు ఎంత గొప్పదో, ఆ కుర్రాడి ప్రశ్నని తోసెయ్యకుండా ఇంటికి పట్టుకెళ్లడం అంత గొప్పది. నీ తరగతిలో ఎవడో లేచి అడుగుతాడు, గంట కొట్టే వేళకే అడుగుతాడు, వాడి ప్రశ్న నువ్వూ పట్టుకెళ్లు.

ఒక జాగ్రత్త. తేడా రాస్తే చాలు ఎలా కొలిచినా ఫరవాలేదనుకునే గడుసు పిల్లలు కూడా బయల్దేరతారు. అటూ ఇటూ 50 అని రాసేసి క్యాంటీనుకి పోతారు. వాళ్లని ఆపి, ఆ 50 ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్కొక్క ముక్కా అడుగు. చెప్పగలిగితే మార్కులు వెయ్యి, చెప్పలేకపోతే నవ్వుతూనే మళ్లీ కొలిపించు. నలుగురిలో మాత్రం చిన్నబుచ్చకు, ఆ వయసు పిల్లలకి అన్నం కన్నా మాట ఎక్కువ గుర్తుంటుంది.

ఇంకొకటి, మీ లెక్కల మాస్టారి గురించి నువ్వు కాస్త విసుగ్గా మాట్లాడావు. సిలబస్ ఎప్పుడు పూర్తవుతుందమ్మా అని ఆయన అడిగారంటే తప్పేముంది, ముప్పై ఏళ్లుగా పరీక్షల భారం మోస్తున్న మనిషి. ఆయన చేతిలో పడి పాసై ఉద్యోగాలు చేసుకుంటున్న వాళ్లు ఎంత మందో నీకేం తెలుసు. ఆయన్ని వాదనలో గెలవాలనుకోకు. మొదటి రోజు నువ్వు లోలకం కొలిపించి, ఎవరికీ 980 అన్న మాట చెప్పకుండా వచ్చిన అంకెలన్నీ బోర్డు మీద వరసగా రాయించి, మర్నాడు ఆ బోర్డు ఫోటో తీసుకెళ్లి ఆయన ముందు పెట్టి, "మాస్టారూ, వీటిని ఏం చెయ్యాలో పిల్లలకి మీరైతేనే బాగా చెబుతారు, ఆ గంట మీరు తీసుకోరూ" అని అడుగు. నిజంగానే ఆయనే బాగా చెబుతారు, నీకన్నా నాకన్నా కూడా. నువ్వు వెనక బెంచీలో కూర్చుని నోట్సు రాసుకో.

మైక్రోమీటరు మీ మామయ్య శనివారం అటు వస్తూ తెస్తాడు, దాంతో పాటు కొత్తావకాయ, రెండు డబ్బాల కందిపొడి కూడా. డబ్బాలు తిరిగి పంపడం మర్చిపోకు. బోర్డు మీద పిల్లలు రాసిన ఆ అంకెలు నాకూ ఒక కాపీ పంపు, కూర్చుని కట్టి చూస్తాను. సంక్రాంతికి సెలవు దొరికితే రెండు రోజులు ముందే రా.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ